‘డెలివరీ’: ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు

మన ఇళ్ళలో ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వచ్చినదంటే, పలకరించే ప్రతివారూ అడిగే ప్రశ్న ఒక్కటే: “డెలివరీ ఎప్పుడు?” అడిగేవారు ఇంగ్లీషు చదివిన బాబాయిగారు కావచ్చు, అక్షరం ముక్క రాని పాలమనిషి కావచ్చు. మాట మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఆ పూటే తపాలా జవాను వీథి గుమ్మంలో ఉత్తరం ఇచ్చి పోతాడు, అదీ డెలివరీయే. గ్యాసు బండ తెచ్చి వంటింట్లో దింపినా డెలివరీయే. క్రికెట్ ఆటలో వేసే బంతి డెలివరీ. ఉపన్యాసకుడు మాట పలికే తీరును కూడా ఇంగ్లీషువారు డెలివరీ అనే అంటారు.

ఉత్తరానికీ బిడ్డకూ ఒకే మాట ఎట్లా కుదిరినది? చాలామంది ఇచ్చే సమాధానం ఇది: ఉత్తరాన్ని తెచ్చి మన చేతికి ఇచ్చినట్లే, వైద్యురాలు బిడ్డను తెచ్చి మన చేతిలో పెడుతుంది గనుక అది డెలివరీ అయినదని. వినడానికి సబబుగానే ఉన్నది. కాని చరిత్ర ఇందుకు ఒప్పుకోదు. పురిటి విషయంలో ఆ మాట మొదట బిడ్డను గురించి చెప్పినది కాదు. తల్లిని గురించి చెప్పినది.

మాట మూలాన్ని వెదకుతూ పోతే లాటిన్ భాష దాకా వెళ్ళవలె. ఆ భాషలో ‘లీబెర్’ అంటే స్వేచ్ఛ కలవాడు, బానిస కానివాడు. దానినుండి వచ్చిన క్రియ ‘లీబెరారే’. విడిపించుట అని అర్థం. మనం నిత్యం వినే ‘లిబర్టీ’ అనే మాట కూడా ఈ ఇంటిదే. ఆ క్రియకు ముందు ఒక ఉపసర్గ చేరి, ఫ్రెంచి భాషలో ‘దెలివ్రే’ అయినది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఆ దేశపు దర్బారులోను న్యాయస్థానాలలోను ఫ్రెంచి రాజ్యమేలినది. ఆ దారినే ఈ మాట ఇంగ్లీషులో ప్రవేశించినది. వచ్చినప్పుడు దాని ముఖ్యార్థం ఒక్కటే: చెరనుండి, శత్రువునుండి, ఆపదనుండి విడిపించుట.

ఆ అర్థం న్యాయశాస్త్రంలో శతాబ్దాలపాటు నిలిచినది. ఇంగ్లండులో న్యాయమూర్తులు ఊరూరా తిరిగి, చెరసాలలో విచారణకు ఎదురుచూస్తున్న ఖైదీల కేసులు తేల్చి చెరసాలను ఖాళీ చేసేవారు. ఆ అధికారానికి ‘గెయోల్ డెలివరీ’ అని పేరు. 1971నాటి న్యాయస్థానాల చట్టం ఆ పాత ఏర్పాటును తొలగించేవరకు ఆ పేరు వాడుకలో ఉన్నది. విడిచిపెట్టుట అన్న అర్థంనుండే ‘అప్పగించుట’ అన్న రెండవ అర్థం పుట్టినది. చేతిలో ఉన్నదాన్ని విడిచి మరొకరికి ఇవ్వడమే కదా అప్పగించడం! ఉత్తరమూ సరుకూ ఈ రెండవ దారిన వచ్చినవి. యజమాని తన నౌకర్లకు ఇచ్చే దుస్తులకు ‘లివరీ’ అని పేరు రావడం కూడా ఈ దారినే. పురుడు మాత్రం మొదటి దారిన వచ్చినది.

పాత ఇంగ్లీషు వాక్యాన్ని చూస్తే సంగతి స్పష్టమవుతుంది. ‘ఆమె ఒక బిడ్డను డెలివర్ చేసినది’ అని ఆనాటివారు అనలేదు. ‘షి వాజ్ డెలివర్డ్ ఆఫ్ ఎ చైల్డ్’ అన్నారు. అనగా ఆమె బిడ్డ భారంనుండి విడిపింపబడినది అని. ఇక్కడ విడుదల పొందినది తల్లి. 1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలులో యేసు జననాన్ని చెప్పే ఘట్టంలోనూ ఈ ప్రయోగమే కనబడుతుంది. ఇంగ్లండు చర్చివారి ప్రార్థనగ్రంథం 1549లో వెలువడినది. బాలింత మొదటిసారి గుడికి వచ్చినప్పుడు జరిపే క్రతువు అందులో ఉన్నది. ఆ క్రతువులో గురువు దేవునికి కృతజ్ఞత చెప్పేది ముఖ్యంగా, ఈమెను ప్రసవమనే మహాపాయంనుండి క్షేమంగా విడిపించినందుకు. మన ‘డెలివరీ’కి అక్కగారైన ‘డెలివరెన్స్’ అనే మాట అక్కడ వస్తుంది. యుద్ధంనుండి, తెగులునుండి, క్షామంనుండి కాపాడమని వేడుకునేప్పుడు వాడే క్రియే పురిటికీ వాడినారు.

ఇది వట్టి అలంకారం కాదు. ఆనాటి స్త్రీకి పురుడంటే నిజంగా ప్రాణగండమే. ఇంగ్లండులో ఎలిజబెత్ జోస్లిన్ అనే విద్యావంతురాలు ఉండేది. ఆమె తొలిచూలు గర్భవతిగా ఉన్నప్పుడు, తాను బ్రతుకుతానన్న నమ్మకం లేక, పుట్టబోయే బిడ్డకు బుద్ధులు చెబుతూ ఒక చిన్న పుస్తకం వ్రాసిపెట్టినది. కడుపులో బిడ్డ కదలిక తెలిసిన తరువాత ఎవరికీ తెలియకుండా తన శవానికి కప్పే గుడ్డను కూడా తెప్పించుకున్నదట. 1622 అక్టోబరులో ఆమెకు ఆడపిల్ల పుట్టినది. తొమ్మిది రోజులకు తల్లి మరణించినది. ఆ పుస్తకం 1624లో అచ్చయినది. ఒక చేత బిడ్డ బట్టలు, ఒక చేత తన కడపటి బట్ట సిద్ధం చేసుకున్న ఆ తల్లి మనసు తలచుకుంటే, ‘విడిపింపబడుట’ అన్న మాటలో ఎంత బరువున్నదో తెలుస్తుంది.

ఆ గండంలో ఆమెకు తోడెవరు? సాటి స్త్రీలే. మంత్రసానిని ఇంగ్లీషులో ‘మిడ్‌వైఫ్’ అంటారు. ఇందులో ‘మిడ్’ అంటే మధ్య అని కాదు. పాత ఇంగ్లీషులో ‘తోడు’ అని అర్థం. ‘వైఫ్’ అంటే భార్య అనీ కాదు. ఆ రోజులలో వట్టి స్త్రీ అని మాత్రమే. తల్లికి తోడుగా ఉండే స్త్రీ మిడ్‌వైఫ్. ఆమెతోబాటు ఇరుగుపొరుగు ఆడవారు, చుట్టపక్కాలు పురిటిగదిలో చేరేవారు. వారికి ‘గాసిప్’లు అని పేరు. ఆ మాటకు మొదటి అర్థం దేవుని సాక్షిగా బంధువైన వ్యక్తి, అనగా జ్ఞానస్నానంలో బిడ్డకు పూచీపడిన వ్యక్తి. తరువాత పురిటిగదిలో కూడిన స్త్రీలకు ఆ పేరు చెల్లినది. వారు రాత్రంతా కూర్చుండి కబుర్లు చెప్పుకుంటారు గనుక, చివరకు ఆ మాట ఊసుపోక కబుర్లకే మిగిలినది. ప్రాణం మీదికి వచ్చిన వేళ ఆదుకున్న వారి పేరు ఈనాడు చాడీలకు పేరైపోయినది.

బిడ్డ పుట్టిన తరువాత తల్లి సుమారు నెలరోజులు గది విడిచి రాకూడదు. దీనిని ‘లైయింగ్-ఇన్’ అనేవారు. పడుకొని ఉండుట అని అర్థం. మన పురిటిగది, పురిటి మైల, పురిటి స్నానం తెలిసినవారికి ఇది కొత్త కాదు. తరువాతి కాలంలో మర్యాదస్థుల ఇళ్ళలో ‘కన్‌ఫైన్‌మెంట్’ అనే మాట వ్యాపించినది. దానికి అర్థం నిర్బంధం. వైద్యుల చీటీలలో కూడా పురుడు వచ్చే తేదీకి చాలాకాలం ఈ మాటే వాడినారు. వింత చూడండి: ఒకే సంఘటనకు ఒక పేరు విడుదల, ఇంకొక పేరు నిర్బంధం. రెండూ నిజమే. ప్రాణగండంనుండి విడుదల, గదిలో నిర్బంధం. రెండింటినీ అనుభవించినది తల్లి. రెండు పేర్లూ ఆమెను గురించినవే.

ఆమె ఈ మాటలోనుండి పక్కకు ఎప్పుడు జరిగినది? ఇది ఒక్కరోజున జరిగిన మార్పు కాదు. పదిహేడు, పద్ధెనిమిది శతాబ్దాలలో పురిటిగదిలోకి మగవాడు ప్రవేశించినాడు. మొదట అతనికి పేరే లేదు. ‘మాన్-మిడ్‌వైఫ్’ అన్నారు, అనగా మగ మంత్రసాని. ఫ్రాన్సునుండి ఇంగ్లండుకు వలసవచ్చిన చేంబర్లెన్ కుటుంబంవారు, కష్టమైన కాన్పులలో బిడ్డ తలను పట్టి లాగడానికి ఇనుప పట్టకారును కనిపెట్టినారు. ఆ రహస్యాన్ని శతాబ్దానికి పైగా తమ కుటుంబంలోనే దాచుకున్నారు. ఎందరో తల్లులను కాపాడగల పనిముట్టు కొందరి సంపాదన కోసం పెట్టెలో దాగి ఉన్నది. ఆ పనిముట్లు 1813లో ఎసెక్స్ మండలంలోని వారి పాత ఇంటిలో నేల పలకల కింద దొరికినవి.

ఈలోగా ఆ పట్టకారు రహస్యం ఇతరులకు తెలిసిపోయినది. స్కాట్లండునుండి లండను వచ్చిన విలియం స్మెల్లీ దానిని వాడవలసిన పద్ధతిని శిష్యులకు బహిరంగంగా బోధించి, 1752లో గొప్ప గ్రంథం ప్రకటించినాడు. 1760లో ఎలిజబెత్ నైహెల్ అనే మంత్రసాని అతనికి ఎదురు తిరిగి మరొక గ్రంథం వ్రాసినది. మగ వైద్యులు తొందరపాటుతో, అవసరం లేకపోయినా ఇనుము వాడుతున్నారని ఆమె ఆరోపణ. ఇద్దరి వాదంలోనూ కొంత నిజమున్నది. పట్టకారు ఎందరినో బ్రతికించినది. చేతకానివాని చేతిలో ఎందరినో గాయపరచినది కూడా.

పురిటిగదిలో ఈ మార్పు వచ్చే కాలంలోనే వాక్యంలోనూ మార్పు వచ్చినది. తల్లి ‘విడిపింపబడినది’ అన్నచోట క్రమంగా వైద్యుడు ‘బిడ్డను డెలివర్ చేసినాడు’ అన్న మాట పెరిగినది. కర్త వైద్యుడు, కర్మ బిడ్డ. తల్లికి ఆ వాక్యంలో తావు లేదు. పందొమ్మిదవ శతాబ్దంలో మగ మంత్రసాని అనే పేరు పోయి ‘అబ్‌స్టెట్రీషియన్’ అనే గంభీరమైన పేరు వచ్చినది. ఇదీ లాటిన్‌లో మంత్రసాని పేరే. ఎదుట నిలుచుండేది అని దాని అర్థం. తోడుగా ఉండే స్త్రీ పోయి, ఎదుట నిలిచే వైద్యుడు వచ్చినాడన్నమాట.

ఎదుట నిలిచినంత మాత్రాన విడుదల దొరకలేదు. 1817 నవంబరులో ఇంగ్లండు రాజవంశానికి వారసురాలైన షార్లెట్ రాకుమారి, దాదాపు యాభై గంటలు నొప్పులుపడి మృతశిశువును కని, కొన్ని గంటలలో తానూ మరణించినది. ఆమెకు పురుడు పోసిన సర్ రిచర్డ్ క్రాఫ్ట్ మరుసటి ఏడు తుపాకితో కాల్చుకొని చనిపోయినాడు. రాజమందిరంలోనే ఇట్లా జరిగితే సామాన్యుల మాట చెప్పవలెనా?

బీదల కోసం ‘లైయింగ్-ఇన్’ ఆస్పత్రులు లేచినవి. డబ్లినులో బార్తలోమ్యూ మాస్ 1745లో స్థాపించిన ఆస్పత్రి వీటిలో ప్రసిద్ధమైనది. ఐరోపా నగరాలలోని పెద్ద పురిటి ఆస్పత్రులలో సూతికాజ్వరం తల్లులను కబళించసాగినది. 1846లో వియన్నా నగరపు ఆస్పత్రిలో రెండు పురిటి విభాగాలుండేవి. వైద్య విద్యార్థులున్న విభాగంలో నూటికి పదకొండుమందికి పైగా తల్లులు మరణించినారు. మంత్రసానులు శిక్షణ పొందే విభాగంలో నూటికి ముగ్గురు కూడా పోలేదు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువవైద్యుడు ఈ తేడాకు కారణం వెదకినాడు. విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే పురిటిమంచం దగ్గరకు వస్తున్నారని గ్రహించినాడు. 1847లో క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడుగుకొనవలెనని నియమం పెట్టినాడు. 1848నాటికి ఆ మొదటి విభాగంలో మరణాలు నూటికి ఒకటింబావుకు పడిపోయినవి. ఆనాటి పెద్దలు చాలామంది ఆయన మాట నమ్మలేదు. 1865లో ఆయన మతిభ్రమ చికిత్సాలయంలో దిక్కులేని చావు చచ్చినాడు.

ఇంగ్లండులో కూడా 1930 ప్రాంతం వరకు వేయి కాన్పులకు నలుగురైదుగురు తల్లులు పోతూనే ఉన్నారు. 1936లో లండనులోని క్వీన్ షార్లెట్స్ ఆస్పత్రిలో లెనార్డ్ కోల్‌బ్రూక్ కొత్తగా వచ్చిన సల్ఫా మందును సూతికాజ్వరానికి వాడి చూచినాడు. మరణాలు ఒక్కసారిగా తగ్గినవి. తరువాత పెన్సిలిన్, రక్తదానం, క్షేమమైన శస్త్రచికిత్స వచ్చినవి. ప్రార్థనగ్రంథంలో నాలుగువందల ఏళ్ళుగా అడుగుతున్న విడుదల నిజంగా చేతికందినది ఈ కాలంలోనే.

ఈ మాట మన దేశానికి ఆస్పత్రులతోబాటు వచ్చినది. 1844లో మద్రాసు ఎగ్మూరులో ప్రభుత్వ లైయింగ్-ఇన్ ఆస్పత్రి వెలసినది. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు మద్రాసు రాజధానిలోనివే గనుక మన తెలుగువారికీ అది పెద్దాస్పత్రే. ఇంగ్లీషు వనిత మేరీ షార్లీబ్ అక్కడ ప్రసూతివిద్య నేర్చుకొని, 1875లో మద్రాసు వైద్య కళాశాలలో చేరిన తొలి నలుగురు స్త్రీలలో ఒకరైనారు. గోషా స్త్రీలు మగ వైద్యునికి చేయి చూపించుకోలేక ప్రాణాలు విడవడం చూచి ఆమె ఈ విద్యకు పూనుకొన్నారు. కర్నూలులో 1887లో కవలలుగా పుట్టిన ఆర్కాటు సోదరులలో ఒకరైన లక్ష్మణస్వామి మొదలియారుగారు తరువాతి కాలంలో ఆ ఆస్పత్రిలోనే పనిచేసి, 1938లో ప్రసూతి వైద్యంపై పేరెన్నికగన్న గ్రంథం వెలువరించినారు. గుంటూరులో అమెరికా వైద్యురాలు అన్నా సేరా కుగ్లర్ 1883లో అడుగుపెట్టి, 1898లో ఆస్పత్రి తెరచి, 1930లో మరణించేవరకు తెలుగు స్త్రీలకు సేవ చేసినారు. ఇటువంటి ఆస్పత్రుల వసారాలలో, నర్సుల నోట, డెలివరీ అనే మాట మన అమ్మమ్మల చెవిని పడినది.

మనకు మాటలు లేక ఈ మాట తెచ్చుకున్నామా? కాదు. కాన్పు ఉన్నది, పురుడు ఉన్నది, ప్రసవం ఉన్నది. నీళ్ళాడినదని సున్నితంగా చెప్పే మాట ఉన్నది. ‘కను’ అనే ధాతువుకు చూచుట, బిడ్డను కనుట అని రెండర్థాలు. ఐతే వీటన్నిటికంటె ఆ పాత ఇంగ్లీషు ప్రయోగానికి సరిగా తూగేది మరొకటి మన పెద్దల నోట ఉన్నది: “గండం గడిచి పిండం బయటపడినది.” ముందు గండం గడవవలె, ఆ తరువాతనే పిండం మాట. గండం ఎవరిది? తల్లిది. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి తెలుగునాడు! ఒకరి భాష ఒకరికి తెలియని రోజులలోనే రెండు దేశాల స్త్రీలూ ఆ ఘడియకు దాదాపు ఒకే పేరు పెట్టుకున్నారు. బయటపడుట అన్న మన మాటకు కూడా వెలికి వచ్చుట, ఆపదనుండి తప్పించుకొనుట అని రెండర్థాలున్న సంగతి గమనించవలె.

ఇంకొక విశేషం. ఇంగ్లీషులో తల్లిని విడిచిపెట్టిన ఆ మాట తెలుగులోకి వచ్చి మళ్ళీ తల్లిని చేరినది. మనం “డాక్టరు బిడ్డను డెలివరీ చేసినది” అని సాధారణంగా అనము. “మా అమ్మాయికి డెలివరీ అయినది” అంటాము. ‘కి’ అనే షష్ఠీ విభక్తి తల్లి పక్కన నిలిచినది. పని జరిగినది ఆమెకు, గడచినది ఆమె గండం. వ్యాకరణం తెలియని పాలమనిషి కూడా ఈ విభక్తిని తప్పకుండా సరిగానే వాడుతుంది.

ఈనాడు గండం చాలవరకు తగ్గినది. 2018-20 లెక్కల ప్రకారం మన దేశంలో లక్ష సజీవ జననాలకు 97మంది తల్లులు మరణించినారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45, తెలంగాణలో 43. తొంభై ఏళ్ళ క్రితపు ఇంగ్లండుతో పోల్చితే ఇవి చిన్న అంకెలు. కాని చిన్న అంకె అయినా, ఆ ఇంటికి అది అంకె కాదు. రక్తస్రావం, రక్తపుపోటు, జ్వరం సకాలంలో గుర్తిస్తే నివారించగలవే ఎక్కువ. బిడ్డ పుట్టగానే గండం గడచిపోయినదని అందరూ బిడ్డ చుట్టూ చేరే ఆ తొలి గంటలలో, తొలి దినాలలోనే తల్లికి ప్రమాదం పొంచి ఉంటుంది. ఎలిజబెత్ జోస్లిన్ పోయినది తొమ్మిదవ రోజున.

కనుక ఈసారి ఆస్పత్రినుండి కబురు వచ్చినప్పుడు, ఆడపిల్లా మగపిల్లవాడా, ఎన్ని కిలోల బరువు, ఎవరి పోలిక అన్న ప్రశ్నలు కొంచెం ఆగవచ్చు. డెలివరీ అయినదన్న వార్త వినగానే మన పెద్దముత్తైదువలు మొదట అడిగే మాటే మొదట అడుగుదాము: “తల్లి కులాసాగా ఉన్నదా?” ఆ మాటకు పుట్టుకతో వచ్చిన అర్థం అదే.